కనకాంబరాల దగ్గర పిలిచిన గొంతు

దెయ్యాలను నేను నమ్మను. నమ్మకపోవడం అటుంచి, వాటికే నేనంటే భయమని చెప్పుకు తిరిగేవాణ్ణి. పోర్ట్ బ్లెయర్ హార్బరుకు ఎదురుగా ఉన్న దీవిలో, బ్రిటిష్ వాళ్లు వదిలేసిపోయిన చర్చి గోడల మధ్య, అమావాస్య రాత్రి ఒంటరిగా చాప పరుచుకుని తెల్లారేదాకా గుర్రుపెట్టి పడుకున్నవాణ్ణి. లేచి చూస్తే తల పక్కన పాము కుబుసం. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని డ్యూటీకి పోయాను.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇకమీద రాసేది పిరికివాడి మాట అని మీరు అనుకోకూడదు.

నేను హార్బరు ఫెర్రీలో సెరాంగుగా చేసి రిటైరయ్యాను. సెరాంగు అంటే బోటు నడిపేవాడు. మా దీవుల్లో వాన పట్టిందంటే ముందున్నది సముద్రమో గోడో తెలియదు. అప్పుడు కళ్లు కట్టేసి చెవులతో నడపాలి. నా చెవులకు హార్బరంతా సలాం కొట్టేది. ఇంజను మోతలో కూడా జెట్టీ మీద దగ్గినవాడెవడో చెప్పేవాణ్ణి. ఇప్పటికీ చెప్పగలను.

మా ఆవిడ నారాయణమ్మను కూడా ముందు విన్నాను, తరవాతే చూశాను. ఆమెది అవతలి ఒడ్డున హోప్ టౌన్. శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబమే, మాలాగే. మా నాన్న బోటులో తాళ్లు విసిరే లస్కరుగా ఉన్న రోజుల్లో సెలవులకు నేనూ ఆయన వెంట ఎక్కేవాణ్ణి. బోటు జెట్టీకి ఆనకముందే ఒక ఆడపిల్ల గొంతు నీళ్ల మీదుగా వచ్చి తగిలేది: "ఆపండీ! మాయమ్మ వస్తంది, ఆపండీ!" హారన్ కూడా దాని ముందు చిన్నబోయేది.

పుట్టింట్లో ఆమెను నానీ అని పిలిచేవారు. మనకది ముద్దుపేరు. కానీ ఇక్కడ అందరూ మాట్లాడేది హిందీ, హిందీలో నానీ అంటే అమ్మమ్మ. పెళ్లయిన కొత్తలో మా అత్తగారు వచ్చి "నానీ" అని కేకేస్తే, పక్క క్వార్టర్స్ వాళ్లు విరగబడి నవ్వేవారు. ఇంత చిన్నపిల్ల ఈ ముసలామెకు అమ్మమ్మ ఎలా అయింది భయ్యా అని నన్ను అడిగేవారు.

అలాంటి గొంతు ఒకరోజు పొద్దున పోయింది.

పెరట్లో మందారాలకు నీళ్లు పోస్తూ కూలబడింది. పక్షవాతం. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి చెయ్యి కదిలింది, కాలు మెల్లగా తిరిగింది, వంకరపోయిన మూతి కూడా సర్దుకుంది. మాట మాత్రం రాలేదు. నడిపించండి, మనసుకు నచ్చిన చోట్లకు తీసుకెళ్లండి అన్నారు డాక్టరుగారు. మాట వస్తుందా అని అడిగితే, రావచ్చు, రాకపోవచ్చు అన్నారు.

బ్రూక్షాబాద్‌లో మా ఇల్లు చిన్నదే. నారాయణమ్మ మాట్లాడనప్పుడు అది ఎంత పెద్దదో తెలిసింది. కుక్కర్ కూత వేస్తే ఉలిక్కిపడేవాణ్ణి. మా అమ్మాయి సుజాత రంగత్‌లో టీచరు. సాయంత్రం ఫోన్ చేసేది. నారాయణమ్మ ఫోన్ చెవికి ఆనించుకునేది, అటువైపుకు ఊపిరి మాత్రమే వినిపించేది. అవతల సుజాత "అమ్మా, ఉన్నావా? అమ్మా" అంటూ ఉండేది. నేను ఫోన్ లాక్కుని ఏదో ఒక అబద్ధం చెప్పి నవ్వించేవాణ్ణి. మీ అమ్మ ఈవేళ నన్ను సైగలతోనే తిట్టింది, చేతులు నొప్పులట అని.

ఆమెకు పూలంటే ప్రాణం. కొనుక్కునే పూలకంటే దారి పక్కన ఎవరూ నాటకుండా పూసేవి ఎక్కువ ఇష్టం. అందుకని వారంలో కొన్ని పొద్దుటిపూటలు ఫెర్రీ దాటించి, బస్సెక్కించి హోప్ టౌన్ తీసుకెళ్లేవాణ్ణి. రోడ్డు దిగి తీరం వెంబడి ఒక కాలిబాట ఉంది. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు కొండ. ఇసుక మీద ఊదారంగు పూలతో బాలబంద తీగ పాకి ఉంటుంది. కొంచెం పైకి వస్తే అత్తిపత్తి, గడ్డిచామంతి, కంచెల మీద శంఖుపూలు. ఆమె చెయ్యి పట్టుకుని నడుస్తుంటే నాకూ ఏదో నెమ్మది దొరికేది. అన్నేళ్లు ఆ ఒడ్డుకు బోటు తీసుకొచ్చినా ఒడ్డును సరిగ్గా చూడలేదని అప్పుడు తెలిసింది.

అక్కడ నేనొక వైద్యం కనిపెట్టాను. నారాయణమ్మ జన్మలో ఒకరు తప్పు చెబితే ఊరుకున్న మనిషి కాదు, అందులోనూ పూల విషయంలో. కాబట్టి కావాలని అన్ని పూలకీ తప్పు పేర్లు చెప్పేవాణ్ణి. అత్తిపత్తిని చూపించి, ఇది ఉల్లిపువ్వు అనేవాణ్ణి. గడ్డిచామంతిని చూపించి, పొద్దుతిరుగుడు పువ్వు, పాపం తిండి లేక చిక్కిపోయింది అనేవాణ్ణి. ఆమె పెదవులు కదిలేవి. మెడ నరాలు బిగుసుకునేవి. కోపంతో కళ్లలో నీళ్లు తిరిగేవి. మాట మాత్రం బయటికి వచ్చేది కాదు. నాకు భయమేసి, పోనీలే అని వదిలేసేవాణ్ణి. మర్నాడు మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి. ఇంకేం చెయ్యగలను? నాకు చేతనైంది అబద్ధమొక్కటే.

ఆ బాట చివరనే ఆమె పుట్టిన ఇల్లు ఉండేది. సునామీ తరవాత ఆ నేల కుంగిపోయి, పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీళ్లు పెరట్లోకి వచ్చేవి. ఇల్లు వదిలేశారు, అదే కూలిపోయింది. మా అత్తగారు చివరి రోజులు మా దగ్గరే గడిపి కన్నుమూసింది. ఇప్పుడక్కడ మిగిలింది ఎత్తుగా కట్టిన అరుగు ఒక్కటే. ఆ అరుగు పగులులో ఒక కనకాంబరం మొక్క ఉంది. ఆ విత్తనం వాళ్ల అమ్మమ్మ శ్రీకాకుళం నుంచి చీర కొంగున కట్టుకొచ్చిందని చెబుతారు. కనకాంబరం పండిన కాయ మీద నీటిచుక్క పడితే టప్పున పేలి గింజలు ఎగిరిపడతాయి. చిన్నప్పుడు నారాయణమ్మ పుక్కిట్లో నీళ్లు పట్టి ఉమ్మి, ఆ చప్పుడు విని గెంతులు వేసేదట.

ఇప్పుడు అసలు సంగతి.

అది వానల్లేని కాలం. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. మంచు కూడా లేదు, ఎండ బాగా ఎక్కింది. నారాయణమ్మను అరుగు మీద కూర్చోబెట్టాను. దారిలో కంచె మీంచి తెంపిన నీలం శంఖుపువ్వు ఒకటి ఆమె ముందు పెట్టి, "చూశావా నారాయణమ్మా, ములక్కాడ పువ్వు. సాంబారులో వేస్తారు" అన్నాను.

ఆమె కళ్లు మూసుకుంది.

అప్పుడు వెనకనుంచి వినబడింది. "నానీ!"

ఒక్కసారే. పెద్ద కేక కాదు, అలాగని గుసగుసా కాదు. నా మొదటి ఆలోచన ఏమిటంటే, ఎవరో హిందీవాళ్ల పిల్ల వాళ్ల అమ్మమ్మను పిలుస్తోందని. తిరిగి చూశాను. బాట మీద ఎవరూ లేరు. ఇటు నీళ్లు, అటు కొండ. పిల్ల దాక్కోవడానికి ఒక పొద కూడా లేదు.

ఆ వెంటనే టప్. మళ్లీ టప్, టప్. పేలాలు వేగినట్టు. కనకాంబరం కాయలు పేలుతున్నాయి.

"ఓయ్!" అంది నారాయణమ్మ.

చటుక్కున ఆమెవైపు తిరిగాను.

"ఇక్కడే ఉన్నాను! ఉండవే, వస్తన్నాను!" అంది. నాలుక కొంచెం మందంగా ఉంది, కానీ గొంతు అదే, జెట్టీ గొంతు. తరవాత నావైపు తిరిగి, నా చేతిలో పువ్వును చూసి, "అది శంకుపువ్వు. ములక్కాడంట, ములక్కాడ!" అంది.

నా కంట్లో ఇసుక పడిందని ముందు రాసి, కొట్టేశాను. ఏడ్చాను. అరుగు కింద కూలబడి, ఆమె పాదాలు పట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆమె నా తల మీద ఒక్కటి మొట్టి "లెగు, ఎవరేనా సూస్తే నవ్వుతారు" అంది.

లేచాక మొక్క దగ్గరికి వెళ్లి చూశాను. కాయలు విచ్చుకున్నాయి. ఆకుల మీద నీటిచుక్కలున్నాయి. మొక్క మొదట్లో మట్టి తడిసి ఉంది, జానెడు అవతల ఎండి బీటలు వారి ఉంది. చుక్క నాలుక మీద వేసుకున్నాను. ఉప్పగా లేదు. మంచినీళ్లు. మా దగ్గరున్న నీళ్ల సీసా సంచిలోనే ఉంది, మూత కూడా తియ్యలేదు.

బస్సు ఆగే చోట మీనా దీదీ టీ కొట్టు ఉంది. రాంచీ నుంచి వచ్చినవాళ్ల అమ్మాయి, ఆమె మాత్రం అక్కడే పుట్టి పెరిగింది. కింద బాట దగ్గర పిల్లలెవరైనా ఆడుకుంటున్నారా అని అడిగాను. "ఉధర్ కౌన్ రహేగా అంకుల్? ఇళ్లే లేవు కదా, బచ్చే ఎక్కణ్ణించి వస్తారు?" అంది వచ్చీరాని తెలుగులో. ఆమె మాట ఇంకా పూర్తికాకముందే నారాయణమ్మ "నా చాయ్‌లో చీనీ తక్కువ వెయ్యి దీదీ" అంది. మీనా చేతిలో గ్లాసు జారి పగిలింది. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఆ అమ్మాయి మా ఆవిడ దగ్గర టీ డబ్బులు తీసుకోలేదు. నా దగ్గర తీసుకుంటుంది.

సాయంత్రం రంగత్ నుంచి ఫోన్ వచ్చింది. నేను ముందేమీ చెప్పలేదు. నారాయణమ్మ చేతికి ఇచ్చాను. అవతల సుజాత అలవాటుగా "అమ్మా, ఉన్నావా?" అంది. "లేకపోతే ఎక్కడికి పోతాను? తిన్నావా?" అంది ఈవిడ. ఈసారి ఊపిరి అటునుంచి వినబడింది.

ఇంత నిజం రాశాక ఆ పాము కుబుసాన్ని జేబులో ఉంచుకోవడం బాగుండదు. చర్చిలో పడుకున్నది రాత్రి కాదు, మధ్యాహ్నం భోంచేశాక. ఒంటరిగానూ కాదు, లస్కర్లు పక్కనే పేకాడుతున్నారు. కుబుసం లేదు. మెడ మీద వెచ్చగా ఏదో తగిలితే కెవ్వుమని అరిచి లేచాను. చూస్తే జింక. ఆ దీవి నిండా అవే.

అంచేత నన్ను నమ్మకండి. కానీ ఈ ఒక్కటి నమ్మండి. మాట ఇలా ఉన్నట్టుండి తిరిగి రావడం అప్పుడప్పుడు జరుగుతుందని డాక్టరుగారు అన్నారు. ఒప్పుకున్నాను. కానీ జబ్బు పడింది ఆమె, విన్నది నేను కూడా. ఆ తడి ఎక్కణ్ణించి వచ్చింది? గాలిలో తేలి వచ్చిన ఏ పిల్ల మాటో నా చెవిన పడిందా? ఎన్నోసార్లు మళ్లీ వెళ్లి అదే చోట నిలబడ్డాను. సముద్రం తప్ప ఏమీ వినబడలేదు. నా మటుకు నేను అది మా అత్తగారి పిలుపే అనుకున్నాను. నానీ అని పిలిచేది ఆవిడే కదా. బతికున్నంతకాలం నా మాట ఒక్కటీ నమ్మని మనిషి, నా వైద్యం మీద నమ్మకం లేక స్వయంగా వచ్చి ఉంటుంది. అంతకుమించి నాకు తెలియదు. ఎవరైనా సరే, ఏదైనా సరే, దానికి రోజూ పొద్దున దణ్ణం పెడుతున్నాను.

పేలిన గింజల్లో దొరికినన్ని ఏరి తెచ్చి మా పెరట్లో చల్లాము. ఇప్పుడు కంచె పొడుగునా కనకాంబరాలే. ఇంకా అటు నడకకు వెళుతూనే ఉంటాం. నేను తప్పు పేర్లు చెబుతూనే ఉంటాను, ఆమె దారంతా తిడుతూనే ఉంటుంది. లోకంలో ఇంతకంటే మంచి పాట నేను వినలేదు.

ఇదంతా రాసి, పెరట్లో కూర్చుని పూలు కడుతున్న నారాయణమ్మకు చదివి వినిపించాను. ఆమె దారం పళ్లతో తెంపి, నావైపు చూసింది.

"ఆ శంకుపువ్వు నీలంది కాదు, తెల్లది."

"సరే, దిద్దుతాను" అన్నాను.

"పిలిసింది మాయమ్మని నీకెవులు సెప్పారు? మాయమ్మని నేను ఏనాడైనా 'ఉండవే' అన్నానేటి? సిన్నపిల్ల కాబట్టి అన్నాను."

"ఏ చిన్నపిల్ల?"

"నేనేనయ్యా! జెట్టీ కాడ అరిసిన పిల్ల. నా గొంతు ఎక్కడ పోయిందో అని ఊరంతా తిప్పావు గదా నన్ను, అదొచ్చి పక్కనే పిలిస్తే గుర్తుపట్టలేకపోయావు. సెరాంగు సెవులంట, సెవులు!"