నేను అడగని ఫంక్షన్

దెయ్యాల కథలు చెప్పేవాళ్ల మధ్య కూర్చుని నవ్వే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. నేను చెప్పబోయేది దెయ్యం గురించి అని కూడా అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

తిరుపతిలో ఒక చిన్న ఆఫీసులో ప్రోగ్రామర్‌ని. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో మిషన్లను నడిపే సాఫ్ట్‌వేర్ చూసుకుంటాం. పాత కోడ్ చదవడంలో మా ఆఫీసులో నన్ను మించినవాళ్లు లేరు. గొప్పకు చెప్పడం లేదు, అందరూ ఒప్పుకునే మాటే.

ఆ మధ్యాహ్నం బంగారుపాళ్యం దగ్గరి ఒక ఫ్యాక్టరీ కోడ్ తెరిచాను. డబ్బాల మీద లేబుల్‌లో తేదీ తప్పు పడుతోందని ఫిర్యాదు. చిన్న పని.

ఫంక్షన్ అంటే ఒక పని చేసే కోడ్ ముక్క. కోడ్ రాసే ఎడిటర్లో దాని పేరు మీద కర్సర్ పెట్టి ఒక కీ నొక్కితే, ఆ ముక్క రాసి ఉన్న చోటికి తీసుకెళ్తుంది. ఇంకో కీ నొక్కితే బయలుదేరిన చోటికి తెచ్చి వదులుతుంది. రోజుకు వందసార్లు చేసే పని.

లేబుల్ ఫంక్షన్ పేరు మీద నొక్కాను. వేరే ఫైల్లో, ఆవిరిని అదుపు చేసే ఫంక్షన్ తెరుచుకుంది. పేర్లకు పోలికే లేదు. వెనక్కి వచ్చే కీ నొక్కితే కదల్లేదు. అసలు నేను ఎక్కడినుంచీ రాలేదన్నట్టు నిలబడింది.

పక్క సీటు హేమ తొంగి చూసింది. "ఇండెక్స్ పాతదైపోయింటాది అక్కా. మళ్లా కట్టి చూడు."

ఏ ఫంక్షన్ ఎక్కడుందో ఎడిటర్ రాసిపెట్టుకునే ఆ పట్టికను మళ్లీ కట్టాను. లేబుల్ ఫంక్షన్ చిరునామా అందులో సరిగ్గానే ఉంది. నొక్కితే మళ్లీ ఆవిరి దగ్గరికే. ఎడిటర్ మూసి తెరిచాను. మళ్లీ అక్కడికే, అదే లైను మీదికే.

విసుగొచ్చి ఆ లైను చదివాను. తర్వాత దాని పైనా కిందా ఉన్నదంతా చదివాను.

వేడిని కొలిచే సెన్సర్ తీగ తెగిపోతే, దాని నుంచి సున్నా వస్తుంది. ఈ ప్రోగ్రాం ఆ సున్నాను నమ్మి, గుజ్జు ఉడికే ట్యాంకు లోపల చల్లగా ఉందనుకుని, ఆవిరిని ఇంకా ఇంకా వదులుతుంది. ఆపే మాట ఎక్కడా రాసి లేదు.

వెంటనే ఫ్యాక్టరీకి ఫోన్ చేశాను. ఆ మిషన్ ఆపరేటర్ చెంగల్రాయుడు ఎత్తాడు. వేడి ఎంత చూపిస్తోందని అడిగాను.

"సున్నా సూపిస్తా ఉండాది మేడం. ఇప్పుడే అట్లయింది. సూద్దామని మనిషిని ట్యాంకు పైకి ఎక్కమంటా ఉండా."

"ఎవరినీ ఎక్కనీయొద్దు. ఆవిరి వాల్వు చేత్తో మూసేయండి. అందరినీ దూరం పంపండి."

ఫోన్ పెట్టలేదు. అవతల అరుపులు, పరుగులు, తర్వాత ఇనుప చక్రం తిరుగుతున్న కిర్రుమనే శబ్దం. హేమ నా భుజం పట్టుకుని నిలబడింది.

చాలాసేపటికి ఆయన గొంతు వినిపించింది. "మూసేసినాను. ప్రెషర్ ముల్లు ఎర్రగీత దాటి పోయిండాది మేడం. పక్కన కాయలు కోసే ఆడోళ్లుండారు. ఇంగ కాసేపైతే..." అని ఆగాడు. తర్వాత అడిగాడు. "ఈడ ఇట్లయిందని తిరుపతిలో మీకెట్ల తెలిసింది?"

"కోడ్‌లో కనిపించింది" అన్నాను. అబద్ధం కాదు.

ఆ సాయంత్రమే ఆ తప్పు సరిచేశాను. తర్వాత లేబుల్ ఫంక్షన్ మీద నొక్కితే నేరుగా లేబుల్ దగ్గరికే వెళ్లింది. ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా దారి తప్పలేదు. సరిచేయక ముందటి కోడ్‌ను హేమ కంప్యూటర్లో పెట్టి ఎన్నిసార్లు ప్రయత్నించినా పొరపాటు రాలేదు.

నాకు ఊరుకోవడం చేతకాదు. ఆ ఎడిటర్ కోడ్ అందరికీ ఉచితంగా దొరుకుతుంది. తెచ్చుకుని, ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకించే భాగమంతా ఫంక్షన్ తర్వాత ఫంక్షన్ చదివాను. శుభ్రంగా రాసిన కోడ్. అడగని చోటికి తీసుకెళ్లే దారి అందులో లేదు. కోడ్ చదవడం నాకు బాగా వచ్చు కాబట్టే ఈ మాట గట్టిగా చెప్పగలను.


చెంగల్రాయుడు అడిగినదానికి మాత్రం ఇంకా జవాబు దొరకలేదు.