కార్జం కోసం కట్టిన తాడు

నా పెనిమిటి పోయిన మూడో ఏడు నా కళ్లు పచ్చబడ్డాయి. కలుపు తీయడానికి కూర్చుంటే మళ్లీ లేవలేను. కర్నూలులో డాక్టరమ్మ రక్తం తీయించింది, లివరు, అదే కార్జం, దాని ముక్క కూడా పరీక్షకు పంపింది. చుక్క ముట్టనిదాన్ని, నాకు లివరు రోగమేంటని అడిగాను.

"తాగుడుతో వచ్చింది కాదమ్మా. ఒంట్లో కాపలా కుక్కలు దొంగల్ని ఇడిసిపెట్టి నీ కార్జాన్నే కరుస్తాండాయి. ఈ మాత్రలు వాటికి తాడు. అన్నం తిన్నాకే మింగాల. నన్ను అడక్కుండా నిలపొద్దు."

మింగాను. మొహం బూరెలా ఉబ్బింది గానీ కళ్లు తెల్లబడ్డాయి. అంతలో ఈస్టరుకు ముందొచ్చే శ్రమల దినాలు వచ్చాయి. ఆ నలభై దినాలు సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా మా చర్చి ఆడవాళ్లం మెతుకు ముట్టం. పొద్దున తిండి లేదు కాబట్టి మాత్ర కూడా మానేశాను. కామెర్లు పోయాక ఇంకా మందెందుకులే అనుకున్నాను. ఈస్టరు రాకముందే కళ్లు పసుపుకొమ్ములయ్యాయి, ఒళ్లంతా దురద. మా కల్లూరు నుంచి ఆటోలో పడుకోబెట్టి కర్నూలుకు తీసుకుపోయారు.

డాక్టరమ్మ తిట్టలేదు. అందుకే ఎక్కువ భయపడ్డాను.

"కుక్కలు చావలేదమ్మా. తాడు నువ్వే ఇప్పినావు. ఇంకోసారి ఇప్పితే కార్జం గట్టిపడిపోతాది."

పరీక్షలు దారికి రావడానికి దాదాపు ఏడాది పట్టింది. మళ్లీ శ్రమల దినాలొచ్చాయి. తిండి మానలేను గనుక తిట్లు మానుకుంటానని దేవునికి చెప్పాను. నా నోటికి అది ఉపవాసం కంటే కష్టం.

వారం గడిచింది. పొద్దున్నే సంగటి తింటుంటే నా ఆడబిడ్డ వచ్చి గడప దగ్గర నిలబడింది.

"ఏం వదినా, నలభై దినాలు ఓర్చుకోలేకపోతివా? నీకు కడుపే దేవుడాయె."

నోటిదాకా వచ్చిన తిట్టును సంగటితో పాటు మింగాను.

"ఆకలికి కాదు మే, మాత్రకు. పోయినేడు నన్ను పూడ్చేదానికి పెట్టె చేపియ్యాలని మాట్లాడుకుంటిరి గదా, మర్చిపోతివా?"

ఆమె గడప మీద కూర్చుంది. గొంతు తగ్గించింది.

"నా షుగరు మాత్ర గూడా తిన్నాకే ఏసుకోమన్నారు వదినా. వారం నుంచి నిలిపినా. కండ్లు తిరుగుతాండాయి."

"ముందు తిను. ఆనక ఇద్దరం పోయి డాక్టరమ్మనే అడుగుదాం."

ముద్దను రెండు చేసి, ఊరిబిండి పచ్చడి వేసి ఇచ్చాను. ఆమె వీధివైపు చూసింది.

"పాస్టరమ్మ చూస్తే?"

"చూడనీ. ఆమెకూ ఒక ముద్ద పెడదాం."