హెస్టర్ తొందరపడి ఇచ్చిన చెయ్యి

హెస్టర్ ఆల్డర్సన్ క్వేకర్లనే క్రైస్తవ శాఖలో చేరింది భక్తి వల్ల కాదు, వాన వల్ల. స్కార్‌బెక్ సంతలో బంగాళాదుంపలు కొనుక్కుని వస్తుంటే కుండపోత పట్టుకుంది. తలుపు తీసి ఉందని ఒక ఇంట్లో దూరింది. లోపల కొంతమంది బల్లల మీద కూర్చుని ఊరికే ఉన్నారు. పాదిరీ లేడు, పాట లేదు, మాట లేదు. అదే వాళ్ల ప్రార్థన. బడి వంటింట్లో గరిటెల మోత, పిల్లల గోల మధ్య జీవితమంతా గడిపిన మనిషికి ఆ నిశ్శబ్దం వేడినీళ్ల స్నానంలా హాయిగా తగిలింది. వాన వెలిసినా లేవలేదు.

ఆమె కడుపు మాత్రం ఆ నిశ్శబ్దానికి ఏనాడూ అలవాటు పడలేదు. అందరూ కళ్లు మూసుకోగానే గుర్రుమంటూ మొదలుపెట్టేది. హెస్టర్ సిగ్గుతో చచ్చిపోయేది. గడియారాలు బాగుచేసే విల్‌ఫ్రెడ్ తాత ఒక్కడే, "ఈ వారం మాట్లాడింది హెస్టర్ ఒక్కతే. బాగా మాట్లాడింది," అనేవాడు.

ఒకరినొకరు మిత్రులని పిలుచుకునే ఆ క్వేకర్లు అలాంటి హెస్టర్‌కే పెద్దరికం అప్పజెప్పారు. పెద్దరికమంటే ఏమీ లేదు, ఇక చాలనిపించినప్పుడు పక్కవాళ్లకి చెయ్యి ఇవ్వడమే. పెద్దగా ఉన్నవాళ్లు చెయ్యి కలిపితే ప్రార్థన ముగిసినట్టు. ఆ తర్వాత అందరూ చేతులు కలుపుకుని, ప్రకటనలు విని, టీ తాగుతారు.

ఎరిట్రియా నుంచి పారిపోయి వచ్చిన సెలామ్ హెస్టర్‌తో కలిసి ఊళ్లోని పేదలకి సూప్ కాచేది. తన దేశంలో నర్సు. ఇక్కడ శరణార్థుల వసతిగృహంలో ఒక మంచం ఆమె లోకం. ఒక వసంతకాలపు ఉదయం ఆమెను విమానమెక్కించి వెనక్కి పంపేస్తున్నారని తెలిసింది. వెనక్కి వెళితే జైలే. లాయరు బ్రిజెట్ అప్పటికే లీడ్స్ కోర్టుకి పరిగెత్తింది. జడ్జి ఆపమనేలోగా విమానాశ్రయానికి వెళ్లే బస్సు కదిలిందా, ఇక ఆయన ఏమన్నా వినడానికి సెలామ్ ఉండదు.

క్వేకర్లు మడత కుర్చీలు మోసుకొచ్చి వసతిగృహం గేటు ముందు, నడిరోడ్డు మీద, ప్రార్థనకి కూర్చున్నారు. గేటు లోపల బస్సు, బస్సు కిటికీలో సెలామ్ మొహం. హెస్టర్ కళ్లు మూసుకుంది. కడుపు గుర్రుమంది.

పోలీసు జీపు వచ్చి ఆగింది. సార్జెంటు దిగి, టోపీ సర్దుకుని, హెస్టర్‌ని చూసి ఠక్కున ఆగిపోయాడు.

"మిసెస్ ఆల్డర్సన్! మీరా? నేనండీ, గ్యారీ డాబ్సన్‌ని. బళ్లో మీ చేతి కూడు తిన్నవాణ్ణి."

"నువ్వేనట్రా! క్యారెట్లన్నీ జేబులో కుక్కుకునేవాడివి!"

అతను నవ్వి చెయ్యి చాపాడు. ఆమె ఆనందంగా పట్టుకుని ఊపింది.

ఊపుతుండగానే తనేం చేసిందో తెలిసొచ్చింది. వెనక కుర్చీలు కిర్రుమన్నాయి. మిత్రులంతా కళ్లు తెరిచి, "శుభోదయం, శుభోదయం," అంటూ ఒకరికొకరు చేతులు ఇచ్చుకుంటున్నారు. ప్రార్థన ముగిసిపోయింది! ముగించింది తనే! హెస్టర్ చెవులు బీట్‌రూట్‌లయ్యాయి.

డాబ్సన్ మొహం వికసించింది. "అయిపోయిందాండీ? మీ ప్రార్థన అయ్యేదాకా ఆగుతానని పైవాళ్లకి చెప్పి వచ్చాను. బలవంతం చెయ్యాల్సి వస్తుందేమోనని హడలి చచ్చాను."

అబద్ధమాడితే చాలు. కానీ వీళ్లకి అబద్ధం చేతకాదు, హెస్టర్‌కి అసలే చేతకాదు.

"ప్రార్థన అయిపోయింది, గ్యారీ," అంది ఏడుపు గొంతుతో. తర్వాత నిజాయితీ కొద్దీ కలిపింది, "ప్రకటనలు అవలేదు."

"అవెంతసేపు?"

ఆమె జవాబిచ్చేలోగా విల్‌ఫ్రెడ్ తాత లేచి నిలబడ్డాడు. ఆయనకి ఎత్తుగడలేమీ తెలియవు. ప్రార్థన తర్వాత ప్రకటనలు, అంతే.

"మిత్రులారా, చూరు గొట్టంలో మళ్లీ పిచ్చుక గూడు పెట్టింది. పిల్లలు ఎగిరేదాకా కదపొద్దు. రెండోది, టీ కాచే పాత్ర కారుతోంది. అతికిద్దామా, కొత్తది కొందామా?"

"కొందాం," అన్నారొకరు.

"పారేస్తే పాపం కదూ," అన్నారింకొకరు.

డాబ్సన్ ఆశగా ముందుకొచ్చాడు. "చేతులెత్తించి లెక్కపెట్టేస్తే పోలా?"

"మాలో లెక్కపెట్టడాలుండవు బాబూ," అన్నాడు తాత జాలిగా. "ఒక్కరికి మనసొప్పకపోయినా ఆగాల్సిందే. మిత్రులారా, దీని గురించి కాసేపు మౌనంగా ఆలోచిద్దాం."

అందరూ కూర్చున్నారు. కళ్లు మూసుకున్నారు. రోడ్డు మళ్లీ నిశ్శబ్దమైపోయింది.

డాబ్సన్ జీపుకేసి చూశాడు, బస్సుకేసి చూశాడు, చివరికి తనకి అన్నం పెట్టిన మనిషికేసి చూశాడు. "ఇదీ ప్రార్థనేనా?" అని గుసగుసగా అడిగాడు.

"టీ పాత్ర గురించి," అంది హెస్టర్. "కానీ అదే పద్ధతి."

అతను తలపట్టుకుని ఒక ఖాళీ కుర్చీలో కూలబడ్డాడు. బస్సు డ్రైవరు హారన్ కొడితే, "ఉండవయ్యా, ఆలోచిస్తున్నారు!" అని కసిరాడు కూడా.

అతికించడానికి అందరి మనసూ ఒప్పింది. ఎవరు అతకాలన్నదాని మీద మళ్లీ మౌనం మొదలైంది. ఇంతలో హెస్టర్ కోటు జేబులో ఫోను మోగింది. అవతల బ్రిజెట్, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు.

"ఆపేశారు హెస్టర్! జడ్జి ఆపేశారు! కేసు మొత్తం మళ్లీ వింటారట!"

డాబ్సన్ ఫోను అందుకుని, పైవాళ్లతో మాట్లాడి రూఢి చేసుకుని, గేటులోకి తనే నడిచాడు. ఇంజను ఆగింది. తలుపు తెరుచుకుంది. సెలామ్ చిన్న సంచీ గుండెకి హత్తుకుని మెట్లు దిగింది.

అప్పుడు అరిచింది హెస్టర్. బడి పెరట్లో ఆ చివర ఆడుకునే పిల్లల్ని భోజనానికి పిలిచిన గొంతుతో, కడుపులోంచి అరిచింది. విల్‌ఫ్రెడ్ తాత అరిచాడు. గట్టిగా దగ్గడానికే మొహమాటపడే మిత్రులంతా కుర్చీలెక్కి కేకలు పెట్టారు. వసతిగృహం కిటికీలన్నీ తెరుచుకుని పైనుంచీ కేకలే.

సెలామ్ వచ్చి హెస్టర్ భుజం మీద వాలిపోయింది. వెక్కిళ్ల మధ్య ఏదో అంది.

"ఏమిటి తల్లీ?"

"ఆకలేస్తోంది. నిన్నటి నుంచీ ఏమీ తినలేదు."

హెస్టర్ కళ్లు తుడుచుకుని, కోటు చేతులు పైకి మడిచింది. "పదవే, ముందు తిందువుగాని."