బావమరిది లెన్సు

ఒక ఆదివారం ఉదయం ఆరూ ఇరవైకి నా బావమరిది మా వరండాలో కూర్చుని ఒక పాత సంచి జిప్పు తీశాడు. టైము గుర్తుండటానికి కారణం ఉంది. గోడ గడియారం పది నిమిషాలు ముందు నడుస్తోందని అప్పుడే ఫోన్లో చూసి సరిచేసి, పేపరు పట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ లోపల కాఫీ కలుపుతోంది.

వాడు సంచిలోంచి తీసింది కెమెరా. లెన్సులు మార్చుకునే రకం, పెళ్లిళ్లలో ఫొటోగ్రాఫర్ల మెడలో ఉండేది. అంచుల దగ్గర రంగు పోయింది. పట్టుకునే చోట రబ్బరు లేచిపోతే ఎవరో జిగురు పెట్టి అంటించారు.

"ఎంతరా?" అన్నాను.

"పదిహేను వేలు బావా. గుంటూరులో ఒకాయన కొత్తది కొనుక్కుని ఇది అమ్మేశాడు."

"దీనికి పదిహేనా?"

"దీనికి కాదు" అని కెమెరా మీద తట్టి, ముందున్న పొట్టి లెన్సు చూపించాడు. "దీనికి."

అప్పటికి ఏడాదిగా నేను కెమెరా కొనాలని చూస్తున్నాను. హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఏదైనా చదివి తెలుసుకోవడం నా పద్ధతి. రెండు వందల పేజీల నోటుబుక్కులో గళ్లు గీసి ఏ మోడల్లో ఏముంది, ఏది లేదు అని రాసుకున్నాను. తక్కువ డబ్బులో ఏది మేలో స్టాఫ్ రూములో అడగనివాళ్లకి కూడా చెప్పేవాణ్ణి. వాడు మార్టూరులో రాళ్లు పాలిష్ చేసే యూనిట్లో సూపర్‌వైజరు. వారం వారం పక్క ఊళ్లో వాళ్లమ్మ దగ్గరికి వచ్చి, ఆదివారం పొద్దున్నే మా ఇంటికి వస్తాడు. వాడు ఒక్క పేజీ చదవలేదు. ఎవరికీ చెప్పలేదు. కొనేశాడు.

మా ఆవిడ కాఫీ గ్లాసులతో వచ్చింది. కెమెరా చూసి గ్లాసులు కింద పెట్టి, తడి చేతులు చెంగుకి తుడుచుకుని, "ఏదిరా, నన్నొకటి తియ్యి" అంది. ఏడాదిగా నేను నోటుబుక్కు రాస్తుంటే ఎప్పుడు కొంటారని ఆమె ఒక్కసారి కూడా అడగలేదు.

ఆమెకి పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఎకరం చేను ఉంది. ఆ ఏడు మిరప మంచి ధర పలికింది. "ముప్పై వేలు. ఆపైన రూపాయి అడగొద్దు" అని డబ్బు నా చేతిలో పెట్టింది. ముగ్గురం సత్తెనపల్లిలో బస్సెక్కి గుంటూరు వెళ్లాం. వాణ్ణి రమ్మని నేను పిలవలేదు. ఆమె పిలిచింది.

కొట్టాయన పెద్దవాడు. నా నోటుబుక్కు ఓపికగా చూశాడు. తర్వాత మా వాడి కెమెరా చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "మీరు కూడా ఇదే కంపెనీ తీసుకోండి మాస్టారూ" అన్నాడు. "బాడీ సెకండ్ హ్యాండుది ఇస్తాను, పూచీ నాది. మిగిలిన డబ్బు మంచి లెన్సు మీద పెట్టండి. ఒకే కంపెనీ అయితే ఆయన లెన్సు మీకు పడుతుంది, మీ లెన్సు ఆయనకి పడుతుంది. వేరే కంపెనీ అయితే పట్టదు. తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవాళ్లకి ఇంతకంటే మంచి దారి లేదు."

"నేను చెప్పేదీ అదే బావా" అన్నాడు మా వాడు. "నా లెన్సు నీది, నీ లెన్సు నాది."

అది నాకు తెలియని సంగతి కాదు. నా నోటుబుక్కులో మూడో పేజీలో రాసి ఉంది. తెలిసినవాళ్ల దగ్గర ఏ కంపెనీ ఉంటే అదే కొనడం మేలు అని, కింద గీత కూడా గీసుకున్నాను. కానీ అది రాసుకున్నప్పుడు ఆ తెలిసినవాడు వీడవుతాడని అనుకోలేదు. ఏడాది చదివి చదివి, చివరికి వాడి వెనక నిలబడి వాడి లెన్సు అడిగి తీసుకోవాలా అనిపించింది.

"వేరే కంపెనీది చూపించండి" అన్నాను.

రెండో కంపెనీది సరికొత్త పెట్టె. బాడీతో పాటు రెండు లెన్సులు, ఒకటి దగ్గరికి, ఒకటి దూరానికి. సంచి, కార్డు ఉచితం. దూరానికి పనికొచ్చే లెన్సు మూర పొడుగుకి తక్కువ లేదనిపించింది. బేరమాడితే సరిగ్గా ముప్పైకి దిగింది.

మా ఆవిడ ఆ పెట్టె వంక చూసి, "మిర్చి యార్డులో బస్తా లావు చూసి కొంటారా ఎవరైనా? లోపల చెయ్యి పెట్టి కాయ తీసి చూస్తారు" అంది.

"ఉండనీ అక్కా" అన్నాడు వాడు. "నిన్ను చేసుకుంటే నన్ను ఉచితంగా ఇచ్చారుగా. అప్పట్నుంచీ బావకి అదే అలవాటైంది."

కొట్టాయన నవ్వాడు. ఆమె ఇంకా గట్టిగా నవ్వింది. నేను డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను. బస్సులో సంచి నా ఒళ్లోనే పెట్టుకున్నాను.

మాఘంలో మిరపకాయలు కల్లంలో ఎండబోశారు. కల్లమంటే చేను పక్కన చదును చేసిన నేల. దాని మీద కాయ పరిస్తే ఎకరం పంట ఎర్రగా ఒక్కచోట కనిపిస్తుంది. ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలు ఏరతారు. రంగు పోయి తెల్లగా డొల్లగా ఉన్న కాయని తాలు అంటారు. అది మంచి కాయలో కలిస్తే ధర పోతుంది. మా ఆవిడ కూలీలకి వదిలేయకుండా తనూ కూర్చుని ఏరేది. ఆమె చేతికి తాలు చూడకుండానే తెలిసిపోయేది.

నేను గట్టు మీద నిలబడి పొడుగు లెన్సు పెట్టాను. ముప్పై గజాల నుంచి కాయ తొడిమ కూడా కనిపించింది. చాలా సంతోషపడ్డాను. మా వాడి లెన్సుకి ముందుకి లాక్కోవడం, వెనక్కి లాక్కోవడం లేదు. దగ్గరగా కావాలంటే మనిషే నడిచి వెళ్లాలి. వాడు ఒక్కొక్కరి దగ్గరికీ నడిచి వెళ్లాడు.

"ఏం పెద్దమ్మా, ముఖం అటు తిప్పుకున్నావ్? అలిగావా?"

"నీ ఫొటో పాడుగాను, ముందు ఆ తట్ట అందుకో!"

వాడు కెమెరా వీపు మీదికి తోసుకుని తట్ట మోశాడు. మళ్లీ వచ్చి కూర్చున్నాడు. నేను గట్టు మీద నుంచి అదంతా లెన్సులో చూస్తున్నాను.

మధ్యాహ్నం వేపచెట్టు కింద అన్నాలు తింటూ ఇద్దరం ఫొటోలు చూసుకున్నాం. నావి రెండు వందల పైన. అన్నిట్లో వంగిన వీపులు, తలకి చుట్టిన తువ్వాళ్లు, ఎరుపు. ఒక్క ముఖం కూడా నా వైపు లేదు. వాడివి ఇరవయ్యో ముప్పయ్యో. అందులో ఒకటి మా ఆవిడది. చేతినిండా తాలు పట్టుకుని, తల వెనక్కి వాల్చి నవ్వుతోంది. చెంప మీద మిరప దుమ్ము ఉంది. వెనకంతా మసకగా, ఆమె ఒక్కతే స్పష్టంగా ఉంది. ఆమె నా దగ్గర నవ్వలేదని కాదు. నవ్వినప్పుడు నేను అంత దగ్గరగా చూడలేదు.

"ఏం చెప్పి నవ్వించావురా?" అన్నాను.

"అక్కాతమ్ముళ్ల సంగతి బావా. నీకెందుకు?"

ఆమెని అడిగాను. "వాడి మాటలకేంలెండి" అని పెరుగు వడ్డించింది.

ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు అడిగినా వాడు చెప్పలేదు. "ఏరా, ఈ వారమైనా చెప్తావా?" అంటే, "ఫీజు కట్టు బావా, చెప్తా" అనేవాడు. నేను కూడా ఆమెని దగ్గరగా తీయాలని ప్రయత్నించాను. నేను కెమెరా ఎత్తగానే కొంగు సర్దుకుని, పెదవులు బిగించి, గుర్తింపు కార్డుకి దిగినట్టు నిలబడేది. "నవ్వు" అంటే, "ఊరికే ఎలా నవ్వుతారండీ?" అనేది. ఊరికే కాకుండా ఎలా నవ్వించాలో నాకు తెలియలేదు.

ఆదివారం సాయంత్రం పనులయ్యాక నా కెమెరా తీసుకుని మెట్టు మీద కూర్చునేది. ఒక్కో ఫొటో చూసి, "ఇది తాలు. ఇదీ తాలు" అంటూ బొటనవేలితో చెరిపేసేది. ఎక్కువగా పోయేవి తన ఫొటోలే. "కార్డు నిండా నా ముఖమెందుకండీ, పొలం ఫొటోలు బాగున్నాయి" అనేది. నాకు అభ్యంతరం ఉండేది కాదు. వచ్చే వారం ఇంకా బాగా తీస్తాననుకునేవాణ్ణి. తమ్ముడి కెమెరాలో మాత్రం ఆమె ఒక్కటి కూడా చెరపలేదు. అది మా ఇంట్లో ఉండదు కాబట్టి అని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు అలా అనుకోలేదు.

మూడేళ్లకి ఆమెకి కడుపులో జబ్బు వచ్చింది. మందులు మొదలుపెడితే జుట్టు ఊడుతుందని గుంటూరులో డాక్టరు చెప్పారు. మందులకి వెళ్లే ముందు వారం, వరండాలో కూర్చుని తల దువ్వుకుంటూ అడిగింది.

"ఏమండీ, వాడి లెన్సు మీ కెమెరాకి పట్టదా?"

"పట్టదు. వేరే కంపెనీ."

"దాంతో మీరొకటి తీస్తారేమో అనుకున్నా."

"నా దాంతో తీస్తాను ఉండు" అని లోపలికి వెళ్లి కెమెరా తెచ్చాను. ఆమె కొంగు సర్దుకుంది. తీశాను. చూసి, బొటనవేలితో చెరిపేసింది.

లెన్సు పట్టకపోతే కెమెరానే అడిగి తెచ్చుకోవచ్చు. ఫోను చేస్తే వాడు ఆ సాయంత్రానికే బస్సెక్కి తెచ్చి ఇచ్చేవాడు. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది. తట్టలేదని అబద్ధం చెప్పను. వాడి దగ్గర అడగడం ఇష్టం లేక అడగలేదు. ఆమె నన్ను ఫొటో తీయమని అడగడం అదొక్కసారే.

ఏడు నెలల తర్వాత ఆమె పోయింది.

పెద్దకర్మకి ఫొటో కావాలన్నారు. నేను కంప్యూటరు ముందు కూర్చుని నా ఫొటోలన్నీ వెతికాను. వేల ఫొటోల్లో ఆమె ఉన్నవి పదకొండు. దూరంగా ఉన్నవి, తల వంచుకున్నవి, ఎవరి వెనకో సగం కనిపించేవి. వాటిలో ఒకటి పెద్దది చేయిస్తే ముఖం చుక్కలు చుక్కలుగా వచ్చింది. బావమరిది ఒక పెన్‌డ్రైవ్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. అందులో ఏముందో నాకు తెలుసు.

"నవ్వే ఫొటో బాగుండదు, కర్మకి" అన్నాను.

మా అత్తగారు చాప మీద కూర్చుని ఉంది. "ఎందుకు బాగుండదు నాయనా? నా కూతురు నవ్వేది. అదే పెట్టు" అంది.

అదే పెట్టాం. వచ్చినవాళ్లంతా దండ కింద ఆ ముఖం చూసి, "ఎవరు తీశారండీ? ఎదురుగా ఉన్నట్టే ఉంది" అన్నారు. "మా బావమరిది" అని ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. భార్య పోయిన మనిషికి ఆ పూట అసూయ పడటానికి కూడా చోటు ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

ఏడాది ఆ ఫొటో హాల్లో ఉంది. అది వాడివైపు నవ్వుతున్న నవ్వు. పొద్దున్నే దాని కిందే కూర్చుని కాఫీ తాగాలి. మాకు పిల్లలు లేరు. చూసేవాణ్ణి నేనొక్కణ్ణే.

సంవత్సరీకం నాడు భోజనాలయ్యాక అందరూ వెళ్లిపోయారు. వాడు వరండాలో చెప్పులు వేసుకుంటుంటే అడిగాను.

"ఏరా, ఇప్పుడైనా చెప్తావా? ఏం చెప్పి నవ్వించావు?"

వాడు చెప్పులు వదిలేసి మెట్టు మీద కూర్చున్నాడు.

"నేనేం చెప్పలా బావా. ఆ పాత లెన్సుకి ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. తిప్పుతూనే ఉన్నా, కుదరడం లేదు. అక్కకి విసుగొచ్చింది. 'మీ బావని పిలవరా. ఆయనైతే ఈపాటికి ఆ గట్టు మీద నుంచే వంద తీసి, ఒక్కటీ పనికి రాకుండా చేసేవారు' అంది. అని తనే నవ్వింది. అప్పుడే కుదిరింది, నొక్కా."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదురా?"

"నువ్వు ఉడుక్కుంటుంటే బాగుండేది బావా. అక్క కూడా చెప్పొద్దంది. ఉడుక్కోనీ అంది." వదిలేసిన చెప్పులు కాళ్లతో దగ్గరికి లాక్కుంటూ, "ఆ తర్వాత ఎలా చెప్పను?" అన్నాడు.

నాకు ఊరట కలగాలి. ఆ నవ్వు నా మీదే. అప్పుడు నేను ముప్పై గజాల దూరంలో లెన్సు తిప్పుకుంటూ ఉన్నాను. కానీ వాడు మా ఆవిడ మాట చెబుతున్నప్పుడు వాడి గొంతు ఆమెలా పలికింది. ఆ మాట ఆమె నోట విన్నది వాడు. నాకు అందింది వాడి నోటి నుంచి. అప్పుడు కూడా అసూయ పడ్డాను. ఈ రోజుకీ పడుతున్నాను.

వాడు వెళ్లే ముందు తన కెమెరా సంచి నా కుర్చీలో పెట్టి, "ఉంచు బావా" అన్నాడు. సంచి జిప్పు నేను ఇంతవరకు తీయలేదు. నా కెమెరాతోనే, మిరప కోతలప్పుడు గట్టు మీద నిలబడి తీస్తూ ఉంటాను. కల్లంలో కాయ ఎండుతూ ఉంటుంది, ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉంటారు. ఒక కార్డు నిండితే ఇంకొకటి కొంటున్నాను. వాటిలో తాలు ఇప్పుడు ఎవరూ ఏరరు.