ఓనర్ ఆంటీ ఏడ్చిన సిరీస్

టీవీలో మాలాంటి వాళ్ళకి ఎప్పుడూ పెద్ద బాల్కనీ ఉంటుంది. అందులో మొక్కలుంటాయి, ఒక పిల్లి ఉంటుంది, చేతిలో వైను గ్లాసుంటుంది. ఇద్దరాడవాళ్ళు ప్రేమించుకోవాలంటే ముందు అంత అద్దె కట్టగలగాలి కాబోలు అనుకునేదాన్ని. చిల్కానగర్‌లో మాకున్నది నీళ్ళ ట్యాంకు పక్కన రెండు గదుల పై పోర్షన్. నేను ఉప్పల్‌లో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెబుతాను. తను నాచారంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేసేది. వీధిలో వాళ్ళకి మేం ఫ్రెండ్స్. మాకు మేం ఏమవుతామో మాకు తెలుసు.

ఓటీటీలో ఇలాంటి కథలు వరసగా రావడం మొదలయ్యాక తను ఒక్కటీ వదిలేది కాదు. నేను పక్కన కూచుని సణిగేదాన్ని. హీరోయిన్‌కి టీ పెట్టిచ్చి సలహాలు చెప్పే గే స్నేహితుడు, లేకపోతే చివర్లో చచ్చిపోయే అమ్మాయి, ఇంకో వేషమే దొరకదా వీళ్ళకి? ఎద్దు పుండు కాకికి నొప్పా, మన బాధ వాళ్ళకి సరుకు అనేదాన్ని. తను రిమోట్ ఒళ్ళో పెట్టుకుని, "ఉన్నమని అయితే సూపెడుతున్నరు గద. నా చిన్నప్పుడు గదీ లేకుండె," అనేది. నా చిన్నప్పుడూ లేదు. నాకొక్కదానికే వచ్చిన జబ్బనుకుని పదో క్లాసంతా భయపడుతూ గడిపాను.

కింద పోర్షన్‌లో ఓనర్ ఆంటీ ఒక్కతే ఉంటుంది. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి, సర్కారు దవాఖానాలో నర్సుగా చేసి రిటైరయింది. భర్త పోయాడు, కొడుకు బోడుప్పల్‌లో వేరు కాపురం. శుక్రవారం వస్తే ఆమె హాల్లో ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థన. మటన్ వండితే ఒక గిన్నె పైకి రావాల్సిందే. తను ల్యాబులో రెండో షిఫ్టుకి వెళ్ళిన రోజున ఆంటీ గేటుకి తాళం వేయకుండా కుర్చీ వేసుకుని కూచునేది. పడుకోండి ఆంటీ అంటే, "నా బిడ్డ రాలే ఇంక," అనేది. సొంత వాళ్ళు మమ్మల్ని అలా కనిపెట్టుకుని కూచుంటారన్న ఆశ మా ఇద్దరికీ ఎప్పుడూ లేదు. అందుకే ఆమె అంటే ప్రాణం.

టీవీ ఆమెది, వైఫై మాది. శనివారం సాయంత్రాలు ముగ్గురం కలిసి చూసేవాళ్ళం. ఆ తెలుగు సిరీస్‌ని ఎంచుకున్నది కూడా ఆంటీయే. "ఇద్దరు పోరిలు స్కూటీ మీద ఉన్నరు, నవ్వులాట ఉంటదేమో పెట్టున్రి," అంది. చిన్న ఊళ్ళో కుట్టు షాపు నడుపుకునే ఇద్దరమ్మాయిల కథ అది. రెండో ఎపిసోడ్‌లో ఒకమ్మాయి రెండో అమ్మాయి చెయ్యి పట్టుకుంది. నాకు నోట్లో మిక్చర్ నోట్లోనే ఆగిపోయింది. రిమోట్ కోసం చెయ్యి చాపితే ఆంటీ, "ఉండనియ్," అంది. ఆ తర్వాత శనివారం ఎప్పుడొస్తుందా అని మాకంటే ఎక్కువ ఎదురుచూసింది ఆమే. ఆఖరి ఎపిసోడ్‌లో ఇంట్లో తెలిసిపోయి ఒకమ్మాయికి హడావుడిగా పెళ్ళి చేసి కారెక్కించేస్తారు. ఆంటీ కొంగంతా తడిసిపోయింది. "గట్ల ఎట్ల పంపిస్తరు? కన్నోళ్ళేనా ఆళ్ళు? పానమున్న పిల్ల గద," అని ఆ కన్నోళ్ళని తిట్టింది.

పైకి వచ్చాక తను మంచం మీద కూచుని, "ఆంటీకి చెప్తా," అంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందే అన్నాను. "నువ్వు సూసినవ్ గద, ఎట్ల ఏడ్చిందో." చూశాను. నిజం చెప్పాలంటే నాక్కూడా ఆశ పుట్టింది. ఈ లోకంలో ఒక్క మనిషికి చెప్పుకుని, ఆ ఇంట్లో తలెత్తుకుని తిరిగితే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. పొద్దున్నే తను కిందికి వెళ్ళింది. ఆంటీ అంతా విని, తనని దగ్గరికి లాక్కుని మొహం రెండు చేతుల్లోకి తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టి, "నేనున్న బిడ్డా, ఫికర్ జెయ్యకు," అందట. తను నవ్వుతూ, ఏడుస్తూ మెట్లెక్కి వచ్చింది. ఆ సాయంత్రం ఉప్పల్ నుంచి ఒక గులాబీ మొక్క కొని తెచ్చి ట్యాంకు పక్కన పెట్టి, ఇదే మన బాల్కనీ అంది.

ఆ శుక్రవారం బడికి సెలవు. బట్టలు ఉతికి బకెట్‌తో మెట్లెక్కుతుంటే కింద హాల్లోంచి మాటలు వినపడ్డాయి. ప్రార్థన అంశాలు చెప్పుకుంటున్నారు. ఒకావిడ కొడుకు ఉద్యోగం కోసం అడిగింది, ఇంకొకావిడ షుగరు తగ్గాలని అడిగింది. తర్వాత ఆంటీ గొంతు. "పైన ఉండే నా ఇద్దరు బిడ్డల కోసం అడుగుతున్న. మొగుడు పెండ్లాల లెక్క బతుకుతున్నరు ఆడపిల్లలిద్దరు. దేవుడు ఆళ్ళను బాగు జెయ్యాలె." వెక్కి వెక్కి ఏడుస్తోంది. సిరీస్ చూసి ఏడ్చినప్పుడు ఎలా ఏడ్చిందో అచ్చం అలాగే. అందరూ ఆమెన్ అన్నారు. నేను బకెట్ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

అందరూ వెళ్ళాక కిందికి దిగి, వాళ్ళందరికీ ఎందుకు చెప్పారని అడిగాను. ఆంటీకి నా కోపం అర్థమే కాలేదు.

"సెడుగ జెప్పలే గద బిడ్డా. పానం పెట్టి అడిగిన దేవుణ్ణి."

"మరి ఆ రోజు టీవీ చూసి ఏడ్చారు కదా ఆంటీ? కన్నోళ్ళని తిట్టారు కదా?"

"ఆళ్ళు టీవీల పిల్లలు," అంది. "మీరు నా బిడ్డలు."

ఇన్నాళ్ళూ సిరీస్‌లు తీసినవాళ్ళని తిట్టాను, చూసేవాళ్ళ గురించి ఆలోచించలేదు.

తన పుట్టిల్లు దమ్మాయిగూడ. ఆ ప్రార్థనలో కూచున్న ఒకావిడ కూతుర్ని ఇచ్చింది కూడా ఆ కాలనీలోనే; సంగతి అక్కడికి చేరింది. రెండో వారానికల్లా తన అన్నా వదినా కారులో వచ్చారు. ఎవరూ అరవలేదు. ఆంటీ ఇచ్చిన చాయ్ తాగారు. అమ్మకి బీపీ ఎక్కువైంది, ఒకసారొచ్చి పొమ్మన్నారు. అది అబద్ధమని తనకీ తెలుసు, నాకూ తెలుసు. రానంటే ఆ అన్న అక్కడే నోరు తెరుస్తాడనీ, బడిలో నా ఉద్యోగం కూడా పోతుందనీ తను లెక్క వేసుకుందని తర్వాత అర్థమైంది. మెట్ల మీద బ్యాగు భుజాన వేసుకుంటూ, "రెండు దినాల్ల వస్త. గేటుకు తాళమెయ్యొద్దని ఆంటీకి చెప్పు," అంది. సిరీస్‌లో అమ్మాయి కారు అద్దంలోంచి వెనక్కి చూసింది. తను చూడలేదు. వదిన పక్కన తల వంచుకుని కూచుంది.

మర్నాటి నుంచి ఫోను లేదు. తన కంపెనీకి వెళ్తే, అన్న వచ్చి రాజీనామా ఇచ్చిపోయాడన్నారు. దమ్మాయిగూడ వెళ్ళాను. వాళ్ళమ్మ గేటు దగ్గరే మంచినీళ్ళిచ్చి, "పెండ్లి కుదిరింది. ఇంక నువ్వు రాకమ్మా, నీకు దండం బెడత," అని నిజంగానే చేతులు జోడించింది. తిట్టినా బాగుండేది. పెళ్ళయిపోయిన సంగతి నాకు చెప్పింది ఆంటీయే. ప్రార్థన ఫలించిందని శుక్రవారం నిలబడి సాక్ష్యం చెప్పింది. సాయంత్రం మటన్ గిన్నె పైకి వచ్చింది. తిన్నాను కూడా.

ఇల్లు మారొచ్చు. కానీ తను పారిపోయి వచ్చినా రాగలిగేది ఇక్కడికే. గేటు తాళం వేసే పని నేను తీసుకున్నాను. తీసుకున్నాను గానీ వేయడం లేదు. ఆంటీ అడిగితే మర్చిపోయానని చెబుతున్నాను.

మొన్న శనివారం ఆంటీ కింద నుంచి కేకేసింది, మన పిల్లలది రెండో సీజన్ వచ్చిందని. వెళ్ళి పెట్టాను. ఆ అమ్మాయి మొగుణ్ణి వదిలేసి, బ్యాగుతో కుట్టు షాపు ముందు దిగింది. ఆంటీ నా భుజం పట్టుకుని ఊపేసింది. "వచ్చింది సూడు బిడ్డా. రాకుంట ఉంటదా మరి?" నాకు ఏడుపాగలేదు. ఆమె తన కొంగుతోనే నా కళ్ళు కూడా తుడిచింది.

టీవీ కట్టేసి, బల్ల మీది తాళం తీసి నా చేతిలో పెట్టింది. "ఇయ్యాలన్న యాది జేసి గేటుకు తాళమెయ్యి. ఇంకెవరొచ్చేది ఉన్నది." నేను వేసేదాకా గుమ్మంలో నిలబడి చూసింది.