సముద్రం నుంచి వచ్చిన ఓటరు

ఇందులో ప్రతి అక్షరమూ నిజమని మా ఇంటి దేవుడి మీద ప్రమాణం చేసి చెబుతున్నాను.

అరవైల్లో సంగతి. మా పంచాయతీ ఎన్నికల ఫలితం తెలిసిన మర్నాడు, మధ్యాహ్నం విడవలూరులో నెల్లూరు బస్సెక్కాను. ప్రెసిడెంటుగా నిలబడింది మా బావ. ఊళ్లో చనిపోయినవాళ్ల ఓట్లు కూడా ఆయన మనుషులే వేసేశారు. ఆ రోజుల్లో అదొక ఆనవాయితీ.

నా పక్కన ఒక నడివయసు మనిషి వచ్చి కూర్చున్నాడు. బయట ఎండ మండిపోతుంటే అతని పంచె నుంచి నీళ్లు కారుతున్నాయి. వేలికి ఓటు సిరా ఉంది.

"వేటకు పోయి సముద్రంలోనే ఉండిపోయినాను అబ్బయ్యా. మొన్న చూస్తే వేలికి ఈ సిరా," అన్నాడు మెల్లగా. "బతికుండంగా నన్ను ఓటడిగినోడు లేడు. సచ్చినాకన్నా లెక్కలోకి తీసుకున్నారు. మనోడు గెలిచినాడా?"

నేను అతని వైపు తిరిగాను. "గెలిచినాడన్నా. ఒక్క ఓటుతో. అది నీదే."

అతను ఆ వేలినే చాలాసేపు చూసుకున్నాడు. ఇసుకదిబ్బల దగ్గర స్టాపు లేకపోయినా బస్సు ఆగింది. దిగిపోయాడు. సీటు తడిపినందుకు కండక్టరు నన్ను తిట్టాడు.

ఇందులో కల్పించిందేదో ఒప్పుకోవాలి కదా. ఆ ఒక్క ఓటు గెలుపు నా కల్పనే. మా బావకు డిపాజిట్ కూడా దక్కలేదు. అయితే నేను దాన్ని కల్పించింది ఇప్పుడు మీకోసం కాదు, ఆనాడు బస్సులో అతనికోసం.