నేను చెరిపేసిన మిక్సింగ్

1998లో మదీనాగూడలో ఒక రికార్డింగ్ స్టూడియోలో ఊడ్చి తుడిచే పని చేసేదాన్ని. స్టూడియో అంటే ఒక డాబా ఇంటి పై అంతస్తు. గోడలకు మెత్తలు, కిటికీలకు రెండు వరసల అద్దాలు. అప్పటికి నాకు నలభై దాటాయి, అక్షరం ముక్క రాదు.

ఆ వేసవిలో డేవిడ్ సార్ వచ్చారు. సికింద్రాబాద్ మనిషి, సాక్సోఫోన్ ఊదుతారు. ఊపిరితిత్తికి ఆపరేషన్ అయి బతికారు. ఇక ఊదొద్దని డాక్టర్లు చెప్పినా, బతికించిన దేవుడికి మొక్కుకున్న జాజ్ ఆల్బమ్ ఒక్కటి చేసి మానేస్తానన్నారు. అందులో పాట లేదు, మాట లేదు. సాక్సోఫోన్, డ్రమ్స్, మధ్యలో డప్పు. ఎవరి దారిన వాళ్లు వాయిస్తున్నట్టుండేది. ఇదేం ప్రార్థన అనుకున్నాను. మూడో రోజు వాయించడం ఆగిపోయాక మాత్రం వెలితిగా అనిపించింది.

తర్వాత రెండు రోజులు మిక్సింగ్. టేపు మీద విడివిడిగా ఉన్న వాయిద్యాల్లో ఏది ముందుకు, ఏది వెనక్కు వినబడాలో కన్సోల్ అనే పెద్ద బల్ల మీద సరిచేస్తారు. దాని మీద పైకీ కిందికీ జరిగే మీటలు ఫేడర్లు. మా ఇంజినీర్ రమణ సార్ వాటి కింద తెల్ల ప్లాస్టర్ అంటించి, ఏ మీట ఎక్కడుండాలో దానిమీద రాసుకునేవారు. వెళ్లేటప్పుడు బల్లకు గుడ్డ కప్పేవారు. కప్పినదాన్ని నేను ముట్టను. ఆ రెండు రోజులూ చాయ్ అందిస్తూ అంతా విన్నాను.

మర్నాడు పొద్దున తాళం తీసేసరికి గుడ్డ నేల మీద పడి ఉంది. ఎంత మూసినా మాదాపూర్ కట్టడాలకు మన్ను తోలే లారీల దుమ్ము లోపలికి వచ్చేది. బల్లంతా దుమ్మే. సిరా గీతలతో మాసిన ప్లాస్టర్లు పీకేశాను. తుడిచి, ఎగుడుదిగుడుగా ఉన్న మీటలను అలమారలో గిన్నెల్లాగా ఒక్క వరసకు తెచ్చాను.

రమణ సార్ వచ్చి నిలబడిపోయారు.

"ప్లాస్టర్ ఏమైందక్కా?"

"పీకిన సార్. మురికిగ ఉండె."

"మీటలు?"

"సాపు చేసిన."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "రెండు దినాల పనక్కా. సాయంత్రం బొంబాయి రైలుకు డేవిడ్ సార్ టేపు తీస్కపోవల్ల. ఇంకా కొత్త టేపుకు ఎక్కించలే, కాగితం మీద గూడ రాసుకోలే నేను."

చెత్తబుట్టలో వెతికాను. ముక్కలు దొరికాయి కానీ తడిసి సిరా కారిపోయింది.

డేవిడ్ సార్ వచ్చాక నేనే చెప్పాను. ఆయన బల్ల దగ్గరికెళ్లి మీటల వరస చూశారు. తర్వాత నావైపు తిరిగారు. "నువ్వు విన్నవ్ గదమ్మా. ఎట్లుండె?"

"నాకేం తెలుసు సార్."

"డప్పు గూడ తెల్వదా?"

"ఇన్నేండ్లు చదివి ఇప్పుడు చాయ్ తెచ్చే అక్కని అడగాల్నా," అన్నారు రమణ సార్. అయినా టేపు పెట్టారు.

"డప్పు గింత దగ్గర లేకుండె సార్," అన్నాను. "వాడకట్టు అవతల కొట్టినట్టుండె. ఈ సార్ ఊదుడు అరుపు లెక్క అయినంక దగ్గరికొచ్చె."

రమణ సార్ మీట దించారు. "ఇంతనా?"

"ఇంక జర. ఆఁ, ఇగ ఆపుండ్రి."

ముగ్గురం అలా సాగాం. ఒకచోట డేవిడ్ సార్ ఊపిరి బరువుగా, తెగుతూ వినబడింది. "నిన్న ఇది లేకుండె," అన్నాను. రమణ సార్ దాన్ని తగ్గించబోయారు.

"ఉండనియ్," అన్నారు డేవిడ్ సార్. "నిన్న దాసుకున్నం. నేను మొక్కిందే ఆ ఊపిరి కోసం."

నాలుగింటికి పని అయ్యింది. డేవిడ్ సార్ కొత్త టేపు సంచిలో పెట్టుకున్నారు. మొదటిదానికంటే బాగుందని ఆయన అనలేదు. "నిన్నటిది పోయిందమ్మా. ఇది గూడ నాదే," అని వెళ్లిపోయారు.

రమణ సార్ నన్ను పనిలోంచి తీసేయలేదు. కానీ పోయింది పోయిందే, చెరిపింది నేనే. ఆ తర్వాతి నెల హఫీజ్‌పేటలో సాయంత్రం బడిలో చేరి పలక పట్టాను. ఇప్పుడు చదవగలను. అయినా నాకు అర్థంకాని గీత ఎక్కడ కనబడినా తుడిచే ముందు, ఇది ఎవరిదని అడుగుతాను.